పిడికెడు బియ్యం, ఒక ఫొటో, మూసుకున్న తలుపు

ప్రకాశం జిల్లా నుంచి ఒక సోదరి ఎనిమిది పేజీల ఉత్తరం రాశారు. పేరు, ఊరు వేయొద్దన్నారు. వయసు నలభై మూడు. ఊళ్ళో డెబ్బై కుటుంబాలున్న బాప్టిస్టు సంఘంలో ఆరేళ్ళుగా స్త్రీల సమాజం కార్యదర్శి.

2021 మేలో, కరోనా రెండోసారి విరుచుకుపడినప్పుడు, వాళ్ళ వీధిలో రెండు వారాల్లో నలుగురు పోయారట. ఆ నెలలోనే స్త్రీలంతా కలిసి పిడికెడు బియ్యం మొదలుపెట్టారు. ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి డబ్బాలో వేస్తారు, ఆదివారం గుడికి తెస్తారు. దాంతోపాటు ఇంటికి నెలకు వంద రూపాయల చందా. ఆ బియ్యంతో, ఆ డబ్బుతో ఇప్పటిదాకా ఎన్నో ఇళ్ళు గట్టెక్కాయి.

ఏడు నెలల క్రితం వీధి చివరి ఇంట్లో గ్రానైటు లారీ డ్రైవరు గుండెపోటుతో చనిపోయాడు. నలభై ఒక్క ఏళ్ళు. భార్య పొగాకు గ్రేడింగుకు వెళ్తుంది. కొడుకు ఇంటర్ రెండో సంవత్సరం, కూతురు తొమ్మిదో తరగతి. వాళ్ళు సంఘస్థులు కారు. ఆమె మాత్రం అప్పుడప్పుడు శుక్రవారం ఉపవాస ప్రార్థనకు వచ్చి వెనక వరసలో కూర్చునేది. ఆ రాత్రి ఒంగోలు ఆసుపత్రికి తీసుకెళ్ళడానికి చేతిలో రూపాయి లేదంటే, ఈ సోదరి సమాజం డబ్బాలోంచి 8,000 తీసి ఇచ్చారు. మనిషి దక్కలేదు. తర్వాత రెండు నెలలు స్త్రీలు వెళ్ళి వంట చేసి పెట్టారు, పక్కన కూర్చున్నారు. ఆమె ఆదివారాలు కూడా రావడం మొదలుపెట్టింది. మూడో నెలలో ఒక ఆదివారం ఆరాధన అయ్యాక బియ్యం బస్తా ఇస్తుంటే యవనస్థుల్లో ఒకరు ఫొటో తీసి సంఘం వాట్సాప్ గ్రూపులో పెట్టారు. ఆ తర్వాత ఆమె రాలేదు. ఇంటికి వెళ్తే తలుపు వేసుకుంటోంది.

ఇప్పుడొక సంఘ పెద్ద, "తిన్నన్నాళ్ళు తిని మానేసింది, ఇకమీదట బాప్తిస్మం తీసుకునేవాళ్ళకే ఇవ్వాలి" అంటున్నారు. ఎనిమిది వేలు ఎవరినడిగి ఇచ్చారని నిలదీశారు. నోటుపుస్తకంలో లెక్క 1,350 రూపాయలు తేలడం లేదు. పాస్టరుగారు చిన్నవాడు, ఎవరినీ నొప్పించలేక ఊరుకుంటున్నారు. భర్త "నీకెందుకీ తద్దినం, మానెయ్" అంటున్నారు. అమెరికాలో స్థిరపడిన ఒక సంఘస్థుడు లక్ష రూపాయలు పంపుతానంటే తీసుకోవాలో వద్దో కూడా తెలియడం లేదు. "నేను చేసింది తప్పా? ఆమె ఎందుకు ముఖం చాటేసింది? బయటివాళ్ళకు ఇవ్వొచ్చా? నేను మానేస్తే మంచిదా?" అని అడిగారు.

అమ్మా,

మీరు నాలుగు ప్రశ్నలు అడిగారు గాని, ఉత్తరమంతటా గుచ్చుకుంటున్నది ఆ మూసిన తలుపే. ఆమె ఇంకా వస్తూ ఉంటే, పెద్దగారి మాటను ఒక చెవితో విని ఇంకో చెవితో వదిలేసేవారు. అందుకని అక్కడే మొదలుపెడదాం.

సాయం పుచ్చుకున్నందుకు సిగ్గుపడుతోందని మీరు అనుకుంటున్నారు. సిగ్గు ఉంటుంది. మొన్నటిదాకా భర్త సంపాదనతో నలుగురికి పెట్టిన మనిషి, నలుగురి ముందు బస్తా అందుకుంటున్న ఫొటోలో కనిపించింది. కానీ మీ ఉత్తరంలోనే, మీరు పట్టించుకోకుండా దాటేసిన రెండు ముక్కలున్నాయి. కొడుకు వచ్చే వేసవిలో ఈఏపీసెట్ రాయబోతున్నాడన్నారు. వాళ్ళకు ఎస్సీ సర్టిఫికెట్ ఉందన్నారు. ఇక ఫొటోలో ఆమె వెనక సంఘం పేరున్న బ్యానరు ఉంది. ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి చూడండి. ఆమెను వెనక్కి లాగుతున్నది సిగ్గు ఒక్కటే కాకపోవచ్చు. భయం కూడా కావచ్చు.

ఆ భయం ఊరికే పుట్టింది కాదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డ్ కులాల హోదా మొదట హిందువులకే ఉండేది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు వర్తింపజేశారు. క్రైస్తవులకు లేదు. ఎస్సీల్లోంచి క్రైస్తవంలోకి వచ్చినవాళ్ళు మన రాష్ట్రంలో బీసీ-సి కిందికి వస్తారు. ఆ విభాగానికి ఉన్న రిజర్వేషన్ ఒక్క శాతం, ఎస్సీలకు పదిహేను. ఇంజనీరింగు సీటు కోసం చూస్తున్న పిల్లాడి ఇంట్లో ఈ తేడా ఎంతో చెప్పక్కర్లేదు. దానికితోడు 2025 ఏప్రిల్ చివర్లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, క్రైస్తవం స్వీకరించి పాస్టరుగా ఉన్న వ్యక్తి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద కేసు పెట్టలేరని తీర్పు ఇచ్చింది. అది పత్రికల్లో వచ్చింది, ఫోన్లలో తిరిగింది. అప్పటినుంచి చాలా పేటల్లో, గుడి మెట్లెక్కితేనే సర్టిఫికెట్ పోతుందేమోనన్న గుబులు ఉంది. బావగారో మరిదిగారో "నీ ఫొటో చూశాం, రేపు ఎవడన్నా అర్జీ పెడితే పిల్లాడి బతుకేంటి" అని ఒక్క మాట అన్నా చాలు, తలుపు మూసుకుపోతుంది.

బియ్యం తీసుకుంటే మతం మారినట్టు కాదు. ప్రార్థనకు వచ్చి కూర్చున్నంత మాత్రాన కూడా కాదు. అధికారులు చూసేది ఆ మనిషి ఏ మతాన్ని తనదిగా చెప్పుకుంటున్నారు, ఆచరిస్తున్నారు అన్నది. అందులో బాప్తిస్మం రిజిస్టరు బలమైన సాక్ష్యం. ఈ తేడా ఆమెకు ఎవరూ విప్పి చెప్పి ఉండరు. అయితే మీరే వెళ్ళి "నీకేం కాదు" అని హామీ ఇవ్వకండి. హామీ ఇవ్వాల్సింది మీరు కాదు. ఒంగోలు కోర్టులో రిజర్వేషన్ కేసులు చూసే న్యాయవాదితో ఒకసారి మాట్లాడుకోమని చెప్పండి. ఫీజు పెట్టుకోలేకపోతే జిల్లా న్యాయసేవాధికార సంస్థలో ఉచితంగా సలహా చెబుతారు.

ముందు ఫొటో సంగతి చూడండి. వాట్సాప్‌లో పెట్టిన ఫొటోను రెండు రోజులు దాటాక అందరి ఫోన్లలోంచి ఒకేసారి తీసెయ్యడం కుదరదు. అందుకని గ్రూపులో చర్చ పెట్టకండి, పెడితే మర్చిపోయినవాళ్ళు కూడా వెతికి చూస్తారు. తీసిన అబ్బాయిని పిలిచి ఎందుకు పనికిరాదో నెమ్మదిగా చెప్పండి. వాడు ఫేస్‌బుక్‌లో, సంఘం పేజీలో పెట్టి ఉంటే తీయించండి. గ్రూపులో ఉన్నవాళ్ళకు ఒక్కొక్కరికి ఫోన్ చేసి గ్యాలరీలోంచి చెరిపెయ్యమనండి. డెబ్బై ఇళ్ళకు రెండు సాయంత్రాలు చాలు. ఎవరెవరు తీసేశారో, ఎవరు తీయలేదో రాసుకోండి. ఆమెకు చెప్పేటప్పుడు "మొత్తం పోయింది" అనొద్దు. "యాభై ఎనిమిది మంది తీసేశారు, మిగతావాళ్ళు తీస్తామన్నారు" అని ఉన్నదున్నట్టు చెప్పండి. ఒకసారి నమ్మకం చెడిన చోట అంకె తప్పకూడదు.

ఇక వెళ్ళడం. ఆదివారం వెళ్ళకండి, చేతిలో బైబిలు, సంచి ఏవీ వద్దు. గ్రేడింగు నుంచి వచ్చి, స్నానం చేసి, పొయ్యి వెలిగించే వేళకు వెళ్ళండి. ఒక్కరే వెళ్ళండి. మామూలుగా ఇద్దరు వెళ్ళడం మంచిదే, ఈ ఒక్కసారికి మాత్రం ఇద్దరు వెళ్తే సంఘం వచ్చినట్టుంటుంది. గుమ్మం దగ్గరే నిలబడి, "ఫొటో తీయడం మా తప్పు. నిన్ను అడగలేదు. తీయించేస్తున్నాం. నువ్వు గుడికి రావాలని అడగడానికి రాలేదు" అని చెప్పి, ఆమె కూర్చోమంటే కూర్చోండి, లేకపోతే వచ్చేయండి. తలుపు తియ్యకపోతే రెండు వారాలు ఆగి మళ్ళీ వెళ్ళండి. మూడోసారి కూడా తియ్యకపోతే వెళ్ళడం ఆపండి. వీధిలో ఎదురైనప్పుడు పలకరింపు మాత్రం మానకండి.

మాట కలిసినా సాక్ష్యం చెప్పమని అడగొద్దు. సాయం అందుకున్నవాళ్ళను ముందుకు పిలిచి మైకు ఇవ్వడం మన సంఘాల్లో అలవాటైపోయింది. దేవుడు చేసిన మేలు చెప్పుకోవడం మంచిదే, కానీ తనంతట తాను లేచి చెప్పాలి. పిలిచి చెప్పిస్తే అది బియ్యానికి కట్టిన ధర అవుతుంది. బైబిల్లో విధవరాలు రూతు, బోయజు అనే రైతు పొలంలో పరిగె ఏరుకున్న సంగతి మీకు తెలుసు. కోతగాళ్ళు కావాలని కొన్ని పిడికెళ్ళు జారవిడవాలని, ఆమెను గద్దించొద్దని బోయజు వాళ్ళకు చెప్పాడే గాని, రూతుతో చెప్పలేదు. ఆమె తన కష్టంతో ఏరుకున్నాననుకునే ఇంటికి వెళ్ళింది. మీ పిడికెడు బియ్యం కూడా అలా జారవిడిచినట్టుండాలి.

పెద్దగారి మాటకు వద్దాం. బాప్తిస్మం తీసుకునేవాళ్ళకే ఇవ్వాలన్నారు. ఆయన చెడ్డవాడని అనుకోవద్దు. డెబ్బై ఇళ్ళ కూలి డబ్బు బయటికి పోతోందన్న బెంగ ఉండొచ్చు, తన బంధువులు అడిగినప్పుడు తక్కువ అందిందన్న నొప్పి కూడా ఉండొచ్చు. కానీ ఆ షరతు పెడితే ఏం జరుగుతుందో మీ జిల్లా చరిత్రలోనే ఉంది. 1876-78 కరువులో ఒంగోలులో ఉన్న బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ, ఆకలితో వచ్చిన జనానికి ఊరికే గంజి పోయడం కాకుండా, బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో మూడు మైళ్ళకు పైగా పని కాంట్రాక్టుగా తీసుకున్నారు. కూలి ఇచ్చి వేలమందిని బతికించారు. ఆ కాలమంతా, పదిహేను నెలల పాటు, బాప్తిస్మాలు ఆపేశారు. అడిగినవాళ్ళకు కూడా ఇవ్వలేదు. తిండి కోసం వచ్చినవాళ్ళెవరో, విశ్వాసంతో వచ్చినవాళ్ళెవరో కరువులో తేలదని ఆయన లెక్క. సాయం పనులు ముగిశాక 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మమిచ్చారు. అంత జాగ్రత్తపడినా "బియ్యం క్రైస్తవులు" అన్న మాట మన పెద్దలను ఎన్ని తరాలు వెంటాడిందో మీ పెద్దగారికీ తెలిసే ఉంటుంది. ఇప్పుడు మీ సంఘమే రాతపూర్వకంగా ఆ షరతు పెట్టుకుంటే, ఆ నింద నిజమని మనమే సంతకం చేసినట్టు. పెద్దగారితో మాట్లాడేటప్పుడు ఈ ఒంగోలు సంగతే ఎత్తండి, ఆయనకు గౌరవంగా ఉంటుంది.

ఆమె తానే బాప్తిస్మం కావాలంటే? అప్పుడు పాస్టరుగారి ముందు మూడు దారులుంటాయి. వెంటనే ఇవ్వొచ్చు. కానీ భర్త పోయిన ఏడాదిలో తీసుకున్న నిర్ణయం, సర్టిఫికెట్ సంగతి తెలియకుండా తీసుకున్న నిర్ణయం, తర్వాత కుటుంబంలో పెద్ద గొడవకు దారి తీయొచ్చు. రెండోది, వాక్యం నేర్పుతూ ఏడాది ఆగడం. పర్యవసానాలన్నీ చెప్పి, ఆలోచించుకునే వ్యవధి ఇవ్వడం. ఆ ఏడాదిలో ఆమె వెనక్కి తగ్గినా సాయం తగ్గకూడదు. మూడోది కొన్నిచోట్ల జరుగుతున్నదే, రిజిస్టరులో రాయకుండా రహస్యంగా ఇవ్వడం. ఇది మాత్రం వద్దు. పైకి దయగా కనిపిస్తుంది గాని, ఒక అబద్ధాన్ని జీవితాంతం మోసే పని ఆ పిల్లాడి మీద పెడుతుంది. తల్లి విశ్వాసం తల్లిది, పిల్లల సంగతి విడిగా చూస్తారని కొందరు ధైర్యం చెబుతారు. ఆ ధైర్యాన్ని నమ్ముకునే ముందు న్యాయవాది మాట వినాలి. నాకు రెండో దారే సరైనదనిపిస్తుంది. నిర్ణయం మాత్రం ఆమెదీ, పాస్టరుగారిదీ.

ఇప్పుడు ఆ ఇంటికి ఏం కావాలో చూద్దాం. మీరు బియ్యం ఇస్తున్నారు. కార్డున్న ఇంటికి మనిషికి ఐదు కిలోల చొప్పున ఉచితంగా వస్తున్నాయి, ముగ్గురికి పదిహేను కిలోలు. వాళ్ళింట్లో లోటు బియ్యం కాకపోవచ్చు. పప్పు, నూనె, కాలేజీ బస్సు చార్జీ, డ్వాక్రా వాయిదా కావచ్చు. పెద్దకర్మకు నూటికి మూడు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చారని మీరే రాశారు. మన ఇళ్ళల్లోనూ మనిషి పోయాక పెట్టే ఆదరణ కూడిక పేరుతో రెండొందల మందికి భోజనాలు పెట్టి అప్పులపాలవుతున్నవాళ్ళున్నారు. మీ సమాజం ఒక తీర్మానం చేసుకోవచ్చు: ఆదరణ కూడికలో టీ, బిస్కెట్లే, అవి కూడా సమాజం తరఫున. ఒక్కింటికి మినహాయింపు ఇస్తే రెండో ఇల్లు తలవంచుకుంటుంది కాబట్టి, ఉన్నవాళ్ళే ముందు పాటించాలి.

నెలకు రెండు కిలోల కందిపప్పు, రెండు లీటర్ల నూనె, చింతపండు, సబ్బులు కలిపి వెయ్యి, పన్నెండొందల్లో అవుతాయి. పొగాకు పనులున్న నెలల్లో ఆమె చేతిలో కూలి ఉంటుంది. పని ఆగిపోయిన నెలల్లో ఇవ్వండి. డ్వాక్రా వాయిదా రెండు నెలలు తప్పితే గుంపులో తొమ్మిదిమంది ముందు మాట పడాలి, కొత్త అప్పు పుట్టదు. కాబట్టి పప్పు కన్నా ముందు ఆ వాయిదా గురించి అడగండి. "ఏం కావాలి" అని అడిగితే "ఏం వద్దక్కా" అంటుంది. "ఈ నెల వాయిదా కట్టావా? పిల్లాడి బస్సు పాసు అయిందా?" అని విడివిడిగా అడిగితే జవాబు వస్తుంది.

డబ్బు కన్నా ఎక్కువ పనికొచ్చేది కాగితాల పని. మీ స్త్రీల్లో చదువుకున్నవాళ్ళు ఇద్దరు దీన్ని నేర్చుకుంటే సంఘం ఇచ్చే సాయానికి పదింతలు తెచ్చిపెట్టగలరు. మరణం 21 రోజుల్లో నమోదు చేయించాలి. దాటితే ఆలస్య రుసుము, అనుమతి కావాలి. ఏడాది దాటితే మెజిస్ట్రేటు ఉత్తర్వు దాకా వెళ్తుంది. ఆమెది ఏడో నెల, చేయించిందో లేదో అడగండి. తర్వాత భర్త బ్యాంకు పాస్‌బుక్కు తెప్పించి, ఏటా మే చివర, జూన్ మొదట్లో 436 రూపాయలు కోత పడిందేమో చూడండి. పడితే ప్రధానమంత్రి జీవన్‌జ్యోతి బీమా ఉన్నట్టే. ఏ కారణంతో పోయినా రెండు లక్షలు వస్తాయి. చాలామందికి అది తమ ఖాతాలో ఉన్నట్టు కూడా తెలియదు. 20 రూపాయల కోత వేరే, అది ప్రమాద బీమా, గుండెపోటుకు వర్తించదు. క్లెయిము నెలలోపు పెట్టమంటారు గాని, ఆలస్యమైందని ఊరుకోకుండా మరణ ధ్రువపత్రం, నామినీ ఆధార్, పాస్‌బుక్కు నకళ్ళతో బ్రాంచికి వెళ్ళి కాగితం ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోవాలి. నోటిమాటగా "కుదరదు" అంటే ఆ మాటే రాసిమ్మని అడగాలి. వితంతు పింఛను నెలకు 4,000. కొత్త దరఖాస్తులు ఎప్పుడు తీసుకుంటున్నారో గ్రామ సచివాలయంలో కనుక్కుని, తహసీల్దారు కార్యాలయం నుంచి కుటుంబ సభ్యుల ధ్రువపత్రం ముందే తెచ్చి ఉంచుకోవాలి. ఈ పనులకు ఆమె ఒక్కతే తిరిగితే రోజు కూలి పోతుంది, ఎవరూ పలకరు. పక్కన ఇద్దరుంటే పని అవుతుంది. దీనికి బ్యానరు అక్కర్లేదు, ఫొటో అక్కర్లేదు.

మనిషి ఎలా ఉందో కూడా చూడండి. ఏడు నెలలకు కూడా ఏడుపు రావడం మామూలే. కానీ రెండు వారాలకు మించి నిద్ర లేకపోయినా, వంట మానేసినా, "నేను కూడా పోతే పీడా పోయేది" లాంటి మాట నోట వచ్చినా ఒంటరిగా వదలొద్దు. మనసు బాగోలేనివాళ్ళకు సలహా చెప్పే ప్రభుత్వ ఫోన్ సేవ టెలి మానస్ నంబరు 14416, తెలుగులో మాట్లాడతారు, ఖర్చు లేదు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరుకు చూపించండి. ప్రార్థన చేస్తే మందులక్కర్లేదని ఎవరైనా అంటే అక్కడికక్కడే ఆపండి. రెండూ పక్కపక్కనే నడవాలి.

ఇక లెక్క. ఎనిమిది వేలు ఇవ్వడం తప్పు కాదు. ఇచ్చిన పద్ధతిలో లోటుంది, ఆ లోటు మీ ఒక్కరిదే కాదు, అర్ధరాత్రి అవసరం వస్తే ఎవరు నిర్ణయించాలో ఇన్నేళ్ళుగా ఎవరూ రాసుకోలేదు. 1,350 తేడాకు సాకులు వెతకొద్దు. సమావేశంలో లేచి, "1,350 రూపాయలకు నా దగ్గర చీటీ లేదు. నేను తినలేదు, కానీ చూపించలేను. ఆ సొమ్ము మూడు నెలల్లో నేనే కడతాను. ఎనిమిది వేలు ప్రాణం మీదికొచ్చి ఇచ్చాను, మళ్ళీ అలాంటి రాత్రి వస్తే ఏం చేయాలో ఇప్పుడే తీర్మానం చేయండి" అని చెప్పి కూర్చోండి. కట్టేస్తే నేరం ఒప్పుకున్నట్టవుతుందేమో అనిపించొచ్చు. "చీటీ లేనందుకు కడుతున్నాను" అన్న మాట మినిట్స్‌లో రాయించండి. కట్టకుండా వాదించడం ఇంకో దారి, అందులో న్యాయముంది గాని ఆ వాదన ఏడాది సాగుతుంది, ఈలోగా డబ్బా ఖాళీ అవుతుంది. చందాలు ఆగిపోయేది అనుమానం వల్లే.

తీర్మానం ఎలా ఉండాలంటే, రెండు వేల లోపు కార్యదర్శి, పాస్టరుగారు ఫోన్లో మాట్లాడుకుని ఇవ్వొచ్చు. ఆపైన పది వేల దాకా ముగ్గురు స్త్రీల సంతకం. ప్రాణాపాయమైతే ముందు ఇచ్చి, 48 గంటల్లో ముగ్గురికీ చెప్పాలి. డబ్బంతా ఎవరింట్లోనూ ఉండకూడదు. సంఘం పేరున బ్యాంకు ఖాతా, ఇద్దరి సంతకంతో తీసేటట్టు. ఇంట్లో అత్యవసరానికి ఐదు వేలు మించొద్దు. రెండు పుస్తకాలు పెట్టండి. ఒకదాంట్లో తేదీ, సొమ్ము, కారణం, కుటుంబానికి ఒక అంకె మాత్రమే ఉంటాయి. నెలకోసారి ఆరాధనలో అదే చదవాలి, "ఈ నెల నాలుగు కుటుంబాలకు ఇంత" అని. ఏ అంకె ఎవరిదో రెండో పుస్తకంలో, తాళం వేసి. పేర్లు తెలియకపోతే నమ్మరని కొందరంటారు. అలాంటివాళ్ళ కోసం ఏడాదికోసారి పక్క ఊరి సంఘం నుంచి లెక్క తెలిసినవారిని పిలిచి రెండు పుస్తకాలూ చూపించి సంతకం చేయించండి.

అప్పుగా ఇవ్వకండి. రెండు వేలు బాకీ ఉన్నవాళ్ళు తీర్చలేక గుడికే రావడం మానేస్తారు. ఇస్తే ఇచ్చెయ్యండి, లేదా ఇవ్వలేమని చెప్పండి.

బయటివాళ్ళకు ఇవ్వాలా అన్నారు. అందరికీ ఇస్తామంటే నిధి చాలదు, సంఘంలో బీదవాళ్ళు నొచ్చుకుంటారు. ఎవరికీ ఇవ్వమంటే వీధిలో మీ గుడి గోడ ఇంకా ఎత్తు పెరుగుతుంది. మధ్యేమార్గంగా మూడో వంతు వీధికని ముందే పక్కన పెట్టొచ్చు. మతం, కులం, హాజరు ఏదీ అడగరు. అది అయిపోతే ఆ ఏడాదికి అంతే. ముందే గిరి గీసుకుంటే ప్రతిసారీ గొడవ ఉండదు. బైబిల్లో చెప్పిన మొదటి క్రైస్తవ సంఘంలో కూడా రోజువారీ పంపకంలో గ్రీకు మాట్లాడే విధవరాండ్రకు అందడం లేదని సణుగుడు వచ్చినప్పుడు, అపొస్తలులు ఎవరినీ తిట్టలేదు. పని చూడడానికి ఏడుగురిని పెట్టారు. వాళ్ళందరివీ గ్రీకు పేర్లు. సణిగినవాళ్ళ వైపు నుంచే మనుషుల్ని తీసుకున్నారన్నమాట. అందుకే సంతకం పెట్టే ఆ ముగ్గురు స్త్రీల్లో పెద్దగారి ఇంటి స్త్రీని ఒకరిని వేసుకోండి.

బియ్యం గురించి ఒక మాట. పిడికెడు నలభై గ్రాములనుకున్నా, రోజుకు రెండు పూటలు, నలభై ఐదు ఇళ్ళు తప్పకుండా వేస్తే వారానికి పాతిక కిలోలు. రేషన్ బియ్యం, సన్నబియ్యం ఒకే డ్రమ్ములో పోస్తున్నారేమో చూడండి, ఒకటి ఉడికేసరికి ఇంకొకటి మెత్తబడిపోతుంది, అందుకున్నవాళ్ళు చెప్పలేక కోళ్ళకు వేస్తారు. రెండు డ్రములు పెట్టి, ఎండిన వేపాకు వేసి, రెండు వారాల్లో ఖాళీ చేసెయ్యండి. మిజోరంలో ప్రెస్బిటేరియన్ స్త్రీలు 1910 నుంచి ఇదే పిడికెడు బియ్యంతో సంఘాలను పోషిస్తున్నారు. అందులో పేద ఇల్లు కూడా పిడికెడు వేస్తుంది. మీ వీధి చివరి ఇంటి డబ్బా కూడా, ఆమె కావాలంటే, తీసుకోండి. పుచ్చుకునేవాళ్ళు ఇవ్వకూడదన్న నియమం ఎక్కడా లేదు.

అమెరికా లక్ష. ఆయన ఇంకా భారత పౌరుడే అయి, తన జీతం డబ్బు బ్యాంకు ద్వారా పంపితే విదేశీ విరాళం కిందికి రాదు. అమెరికా పౌరసత్వం తీసుకుని ఉంటే, పుట్టింది మీ ఊళ్ళోనే అయినా, అది విదేశీ విరాళమే. ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) నమోదు లేని సంఘం తీసుకోకూడదు. ఎవరి సొంత ఖాతాలోనో వేయించుకుని సంఘానికి వాడడం ఇంకా ప్రమాదం. పాస్‌పోర్టు ఏ దేశానిదో ముందు అడగండి, మొహమాటపడొద్దు.

చివరికి మీరు. మానెయ్యొచ్చు, అది పాపం కాదు. ఇప్పుడే మానేస్తే 1,350 మీ పేరు మీద మిగిలిపోతుందన్నది మాత్రం గుర్తుంచుకోండి. లెక్క తేలిన సమావేశం తర్వాత మూడు నెలలు సెలవు తీసుకోవడం ఇంకో దారి. పదవి ఉంచుకుని పని పంచుకోవడం మూడోది: ఆరుగురు స్త్రీలు, మూడు జంటలు, వారానికో జంట ఇళ్ళకు వెళ్తుంది, కొత్తగా ఆపద వచ్చిన ఇంటిని ఆరు నెలలు ఒకే జంట చూసుకుంటుంది. నలభయ్యో రోజు తర్వాత ఎవరూ రాని రోజులుంటాయి చూడండి, అవి ఈ పద్ధతిలో తప్పిపోవు. మీ ఆయన మానెయ్యమనడంలో మీ మీద ప్రేముంది. రాత్రి పదకొండింటికి ఫోన్ మోగడం ఆగితే ఆయన కూడా అంతగా పట్టుబట్టకపోవచ్చు. కాబట్టి నెలకు రెండు వారాలు ఆ ఫోన్ ఇంకొకరింట్లో ఉండేటట్టు చూడండి.

ఏ దారి పట్టినా, డబ్బా తాళంచెవి ఇచ్చేముందు పాస్టరుగారి ముందు, పెద్దగారి ముందు సొమ్ము లెక్కపెట్టించి, తేదీ వేసి, ఇద్దరి సంతకాలు తీసుకోండి. ఆ కాగితం నకలు ఒకటి మీ దగ్గర ఉంచుకోండి.